ఆది జాకెట్టు

ఐదో శనివారం ఆటో నా కళ్ళ ముందు నుంచే వెళ్ళిపోయింది. తెల్లవారకుండానే తలస్నానం చేసి, పసుపు చీర కట్టుకుని, కొబ్బరికాయల సంచి పట్టుకుని ఐదున్నరకల్లా గేటు దగ్గర నిలబడ్డాను. మా ఇల్లు వీధి మొదట్లో ఉంటుంది కనుక అంతకుముందు నాలుగు వారాలూ ఆటో ముందు మా ఇంటి దగ్గరే ఆగేది. ఆ రోజు వీధి చివర నుంచి వచ్చింది, అప్పటికే నిండిపోయి. ఆగుతుందనుకుని ఒక అడుగు ముందుకు వేశాను కూడా. ఆగలేదు. లోపల ఆరుగురూ ఉన్నారు. ఒకావిడ నన్ను చూసి నవ్వి, చెయ్యి ఊపింది.

ఆ చెయ్యి ఊపడాన్ని నేను ఇవాళ్టికీ క్షమించలేదు. మొహం తిప్పుకుని పోతే పోనీ, కోపం ఉందని తెలిసేది. ఊరెళ్ళే బస్సులోంచి చుట్టాలకి ఊపినట్టు ఊపింది. వాళ్ళ మధ్యలో మా వదిన కూర్చుని ఉంది. ఆమె తల ఎత్తలేదు. ఒళ్ళో పెట్టుకున్న పూలబుట్ట మూత సర్దుకుంటోంది. వీధి దాటి, కాలవ వంతెన ఎక్కేదాకా ఆ మూత సర్దుతూనే ఉంది.

వదిన అంటే చుట్టరికం ఏమీ లేదు, వీధి వరస. మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఆమె ఇల్లు. నాకంటే మూడేళ్ళు పెద్ద. ఆమె నన్నూ వదినా అనే పిలిచేది, నేనూ అలాగే పిలిచేదాన్ని. వాళ్ళాయన ఇరవై రెండేళ్ళుగా మస్కట్‌లో పనిచేస్తున్నారు. పిల్లల జ్వరాలకీ, పరీక్షలకీ, అత్తగారి చావుకీ, ఇంటి శ్లాబుకీ ఆమె పక్కన నిలబడింది నేను. నాకు గర్భసంచి ఆపరేషన్ అయినప్పుడు అమలాపురం ఆసుపత్రిలో ఆరు రోజులు నా మంచం పక్కన చాప వేసుకుని పడుకుంది ఆమె. పద్దెనిమిదేళ్ళ సంగతి ఇది. అలాంటి మనిషి నన్ను గేటు దగ్గర నిలబెట్టి, పూలబుట్ట చూసుకుంటూ పోయింది. తప్పు చేస్తే చేశాననుకోండి. ఏం చేశానో ఆమె నోటితో, నా మొహం మీద చెప్పాలి. నాకు కావలసింది అదొక్కటే.

మా ఆయన మండపేటలో రైసుమిల్లుకి పనికి వెళ్తారు. టిఫిను డబ్బా స్కూటరుకి తగిలించుకుంటూ సంగతంతా విని, ఆటో పోతే బస్సు లేదా అన్నారు. నా బాధ రవాణా సౌకర్యం గురించి అనుకున్నారు పాపం. నిజానికి ఆయన చెప్పినట్టే చేశాను. ఏడు శనివారాలు వాడపల్లి వెంకన్న చుట్టూ వారానికి ఏడు ప్రదక్షిణలు చేస్తానని మొక్కుకున్నాక, మధ్యలో వారం తప్పితే మళ్ళీ మొదటి నుంచి అని మా వీధి ఆడవాళ్ళ లెక్క. వాళ్ళ మీద కోపంతో నా నాలుగు వారాలూ గోదాట్లో కలుపుకోదలుచుకోలేదు. కొత్తపేట వెళ్ళి బస్సెక్కి రావులపాలెంలో దిగి, అక్కడి నుంచి ముక్కూ మొహం తెలియని పన్నెండు మందితో ఒక ఆటోలో కూరుకుని వాడపల్లి చేరాను.

గుడి దగ్గర జనం తిరునాళ్ళలా ఉన్నారు. నా మూడో ప్రదక్షిణలో ముందు వరసలో ఆరు పసుపు వీపులు కనిపించాయి. ఒక్కసారిగా ఒళ్ళు మండిపోయింది. ఎందుకంటే ఆ ఆరూ నేను కుట్టినవి. నేను జాకెట్లు కుడతాను. ముప్పై ఏళ్ళ నుంచి అదే పని. మొక్కు మొదలుపెట్టేటప్పుడు ఏడుగురం రావులపాలెంలో ఒకే రకం చీరలు తీసుకున్నాం. ఏడు జాకెట్లూ వారం రోజుల్లో నేనే కుట్టి ఇచ్చాను, చేతిలో ఉన్న పెళ్ళి పని పక్కన పెట్టి మరీ. ఏ వీపు వెడల్పు ఎంతో, ఏ భుజం ఎటు వాలుతుందో నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. ఆ వీపుల వెనకాలే, వాటికి నేనెవరో తెలియనట్టు, గోవింద అనుకుంటూ నాలుగు చుట్లు తిరిగాను. దేవుడి చుట్టూ తిరిగానో వాళ్ళ వెనక తిరిగానో ఆయనకే తెలియాలి.

ప్రసాదం దగ్గర ఎదురుపడక తప్పలేదు. అప్పుడు చూడాలి వాళ్ళ మర్యాద. అయ్యో వచ్చేరాండీ, ఒంట్లో బాగోలేదేమో అనుకున్నామండీ, ఎండగా ఉంది మంచినీళ్ళు తాగుతారాండీ అని ఒకరి తరవాత ఒకరు. చెయ్యి ఊపినావిడ తన దొన్నెలోంచి నాకు పులిహోర కూడా పెట్టింది. వదిన మాత్రం, కాళ్ళు జాగ్రత్తండి, రాళ్ళు కాలిపోతున్నాయి, అంది. నా కాళ్ళ మీద అంత శ్రద్ధ ఉన్న మనిషి నన్ను ఆటో ఎందుకు ఎక్కించుకోలేదో చెప్పలేదు. నేను అడగలేదు. పులిహోర తిన్నాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

మా కోనసీమ మర్యాద గురించి బయట ఊళ్ళ వాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. చెప్పుకోనివ్వండి. అందులో బతికే వాళ్ళకి తెలుసు అది ఎంత కోస్తుందో. మా దగ్గర ఎవరూ ఎవర్నీ పొమ్మనరు. కుర్చీ వేస్తారు, కాఫీ ఇస్తారు, పిల్లలు బాగున్నారా అని అడుగుతారు. ఏది అడిగినా ఆయ్ అంటారు, అలాగేనండి అంటారు. ఆ తరవాత ఏదీ జరగదు. మీరు పిలిస్తే రారు, వాళ్ళు పిలవరు. ఇంకో ఊళ్ళో అయితే కుళాయి దగ్గర జుట్టూ జుట్టూ పట్టుకునేవారు, వారానికి మళ్ళీ మాట్లాడుకునేవారు. మా దగ్గర జుట్టు పట్టుకోవడం అమర్యాద. అందుకని మనిషిని మర్యాదగా చంపుతారు. చచ్చినవాడికి కూడా తను ఎందుకు చచ్చాడో తెలియదు.

కారణం చెప్పకుండా వెలి వేస్తే జరిగేదేమిటంటే, ఆ కారణం మనమే వెతుక్కుంటాం. మిషను తొక్కుతున్నంతసేపూ నాకు అదే పని. వదిన కోడలు చీరకి ఫాల్స్ రెండు రోజులు ఆలస్యం చేశాను, అందుకా? వదిన మనవడి బారసాలకి పాత పట్టుచీర కట్టుకెళ్ళాను, అందుకా? వాళ్ళ మామిడి చెట్టు కొమ్మ మా గోడ మీదకి వంగింది అని ఎప్పుడో నవ్వుతూ అన్నాను, అందుకా? పోలీసులు కూడా అన్ని కేసులు పెట్టరు, అన్ని కేసులు నా మీద నేను పెట్టుకున్నాను. అన్నింటికీ నేరం ఒప్పుకున్నాను. ఒక మనిషిని ఇంతకంటే ఎక్కువ అవమానించడం ఎలాగో నాకు తెలియదు. కర్ర కూడా ఎత్తక్కర్లేదు. ఊరుకుంటే చాలు, మిగతా పని ఆ మనిషే చేసుకుంటుంది.

అక్కడితో ఆగితే బాగుండేది. బతిమాలడం మొదలుపెట్టాను. నోటితో కాదు, చేతులతో. చెయ్యి ఊపినావిడ జాకెట్టుకి హుక్సులు అడక్కుండానే మార్చి పంపాను. ఆరో శనివారం కూడా ఆటో ఆగలేదు, మళ్ళీ బస్సులోనే వెళ్ళాను. ఆ ఆదివారం పనసపొట్టు కూర చేసి, ఆవ పెట్టి, వదినకి ఇష్టమని గిన్నెడు పంపించాను. మర్నాడు గిన్నె తిరిగి వచ్చింది. అద్దంలా తోమి ఉంది. లోపల ఏమీ లేదు. మా వైపు గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వరు. ఇంట్లో ఏమీ లేకపోతే చారెడు పంచదార అయినా పోసి ఇస్తారు, ఒక నిమ్మకాయ అయినా పడేస్తారు. పద్దెనిమిదేళ్ళలో ఆ ఇంటి నుంచి నా గిన్నె ఒక్కసారి కూడా ఖాళీగా రాలేదు. ఆ గిన్నె చూసి వంటింట్లోనే కూలబడి ఏడ్చాను. తరవాత కోపం వచ్చి దాన్ని అటక మీదకి విసిరేశాను. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఏడో శనివారం మొక్కు ఒక్కదాన్నే తీర్చుకున్నాను. ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ ఉంటే వదిన కోడలు వచ్చింది. పెళ్ళయి రెండేళ్ళయిన పిల్ల. నేనంటే ఇష్టమే. గుమ్మం దగ్గరే నిలబడి, అత్తయ్యగారు ఆది జాకెట్టు తెమ్మన్నారండీ అంది.

కుట్టు పని తెలియనివాళ్ళకి ఆది జాకెట్టు అంటే ఏమిటో చెప్పాలి. ఒంటికి బాగా కుదిరిన జాకెట్టు ఒకటి కొలత కోసం కుట్టేవాళ్ళకి ఇస్తారు. దాన్ని బట్టే కొత్తవి కత్తిరిస్తాం. పని అయ్యాక మామూలుగా తిరిగి పట్టుకెళ్ళిపోతారు. బాగా నమ్మకం కుదిరినవాళ్ళు మాత్రం ఇక తీసుకెళ్ళరు, మా దగ్గరే వదిలేస్తారు. ముడతలు పడ్డ భుజాలూ, జారిన ఛాతీలూ, ఒక వైపు కొద్దిగా ఎక్కువ, ఒక వైపు తక్కువ, అన్నీ అందులో ఉంటాయి. సొంత అక్కచెల్లెళ్ళకి కూడా చెప్పుకోనివి మా సొరుగుల్లో పడి ఉంటాయి. వదిన వంగపండు రంగు జాకెట్టు నా మిషను సొరుగులో పద్దెనిమిదేళ్ళుగా ఉంది. ఆమె లావెక్కినప్పుడల్లా దాన్నే విప్పి మళ్ళీ కుట్టి కొలత సరి చేసుకునేదాన్ని. దాన్ని తిరిగి అడగడం అంటే ఏమిటో ఆ పిల్లకి తెలియదు. నాకు తెలుసు, అడగమన్నావిడకి ఇంకా బాగా తెలుసు.

కనపడ్డం లేదమ్మా, వెతికి పంపిస్తానని అబద్ధం చెప్పాను. ఆ పిల్ల ఆయ్ అని వెళ్ళిపోయింది. జాకెట్టు సొరుగులోనే, పైనే ఉంది. రెండు రోజులు దాన్ని చూస్తూ పని చేశాను. మూడో రోజు పొద్దున్న పదకొండింటికి మిషను మీద బట్ట అలాగే వదిలేసి, జాకెట్టు మడత పెట్టి చంకలో పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను.

వదిన వాళ్ళాయన వరండాలో పేపరు చదువుకుంటున్నారు. ఐదో శనివారానికి రెండు రోజుల ముందు ఆయన మస్కట్ నుంచి దిగారు. సెలవు మీదేనా అని అప్పుడే వీధిలో వదినని అడిగితే, ఆయ్, సెలవేనండి, అంది. నేనూ అంతే అనుకున్నాను. ఆయన నన్ను చూసి లేచి, రండమ్మా అని లోపలికి చూపించి, చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయారు. వదిన కుర్చీ తుడిచి, కూర్చోండి, కాఫీ తాగుతారా అంది. నా ఒళ్ళు ఎలా మండిందో చెప్పలేను. ఆసుపత్రిలో నాకు మలమూత్రాలు ఎత్తిన మనిషి నా కోసం కుర్చీ తుడుస్తోంది.

కాఫీ వద్దు, తిట్టు, అన్నాను. పద్దెనిమిదేళ్ళకి ఒక్క తిట్టు బాకీ ఉండదా అన్నాను. వీధిలో నిలబెట్టి తిట్టు, చెంప మీద కొట్టు, కానీ ఇలా కుర్చీలు తుడవకు అన్నాను. గొంతు నాకు తెలియకుండానే పెద్దదైంది. వదిన కోడల్ని మేడ మీద వడియాలు చూసి రమ్మని పంపేసింది. ఆ పిల్ల మెట్లెక్కేదాకా ఆగి, నా వైపు తిరిగింది.

"నిజంగా తెలీకే వచ్చేవా వదినా? నాకు సుగరొచ్చి నాలుగు నెలలైంది. బిళ్ళలు వేసుకుంటన్నాను. ఆయనకి అక్కడ పని ఇంకో ఆరు నెలలుంది, ముగించుకుని ఇంటికొచ్చేక నెమ్మదిగా చెబుదామని దాచేను. నా కొడుక్కీ తెలీదు, కోడలికీ తెలీదు. నువ్వు ఆటోలో చెప్పేవు."

నేను చెప్పలేదు అనబోయాను. నాకు సుగరు సంగతే తెలియదు, ఎలా చెబుతాను? అప్పుడు గుర్తొచ్చింది. మూడో శనివారం ఆటోలో నేను అన్న మాట మొత్తం, నా గొంతుతో సహా గుర్తొచ్చింది. వదినకి మూడు నెలల్లో రెండంగుళాలు తగ్గిపోయిందండీ, ఆ పసుపు జాకెట్టు ఎంత లోపలికి కుట్టానో నాకు తెలుసు, ఏదో ఉంది, చూపించుకోమంటే వినదు అన్నాను. ఆటో చప్పుడులో అందరికీ వినపడాలని గట్టిగా కూడా అన్నాను.

మిగతాది వదిన చెప్పింది. చెయ్యి ఊపినావిడ తమ్ముడు మస్కట్‌లో వాళ్ళాయన ఉండే క్యాంపులోనే ఉంటాడు. ఆ సాయంత్రానికే ఆవిడ తమ్ముడికి ఫోను చేసింది. అక్కడికి చేరేసరికి రెండంగుళాలు కాస్తా పెద్ద రోగమైంది, పెళ్ళాం మంచం పట్టిందయింది. వదిన ఫోనులో ఎంత చెప్పినా ఆయన నమ్మలేదు. దాస్తున్నావు అని ఏడ్చారట. సెలవు ఇవ్వమంటే పై వాళ్ళు ఇవ్వలేదు. మాటా మాటా పెరిగింది. ఇరవై రెండేళ్ళ ఉద్యోగం వదిలేసి వచ్చేశారు. వచ్చి చూస్తే పెళ్ళాం గుమ్మంలో ముగ్గేస్తోంది.

"ఇప్పుడు రోజంతా ఆ వరండాలో కూచుంటారు. నా కంచంలోకి చూస్తారు. మర్యాదగా ముగించుకుని రావాల్సిన మనిషి, గొడవపడి వచ్చేరు. అడిగినోళ్ళకల్లా సెలవని చెప్తున్నాం."

ఆ మాట నాతో ముందే అనొచ్చు కదా అన్నాను. నా గొంతులో ఇంకా కోపం ఉంది, కానీ అది నిలబడడానికి చోటు వెతుక్కుంటోంది. వదిన నా చంకలో జాకెట్టు వైపు చూసింది.

"ఏవని అనను? ఇన్నేళ్ళుగా ఊళ్ళో ఆడాళ్ళందరి కొలతలూ నీ చేతిలో ఉన్నాయి. ఒక్కరిది కూడా నాకు చెప్పలేదు, నేను అడిగినా చెప్పలేదు. నా ఒక్కదాని కొలతే ఎందుకు చెప్పేవు?"

జాకెట్టు కుర్చీ మీద పెట్టి ఇంటికి వచ్చేశాను.

జవాబు దొరకడానికి పది రోజులు పట్టింది. దొరికాక రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది, ఎందుకంటే ఇది రాస్తుంటే నాకే ఒళ్ళు కంపరంగా ఉంది. కిందటేడు మా వీధిలో మేడ మీద వాటాలోకి ఒక బ్యాంకు ఉద్యోగి భార్య అద్దెకి దిగింది. మంచి పిల్ల, నవ్వుతూ ఉంటుంది. మా ఏడుగురిలో ఆమె కూడా ఒకర్తె. మూడో శనివారం నాకు మోకాలు నొప్పిగా ఉందని వదినే నన్ను ముందు డ్రైవరు పక్కన కూర్చోమంది, కాళ్ళు చాపుకోవచ్చని. వెనక నా చోట్లో ఆ అమ్మాయి కూర్చుంది. ఇద్దరూ ఒకే డబ్బా మూతలో ఇడ్లీ తింటున్నారు. అత్తగారి చెంబు పోయిన కథ వదిన ఆమెకి చెబుతోంది. ఆ కథ నాది. అంటే వదినదే, కానీ ఎప్పుడూ నాకే చెప్పేది, నేనే నవ్వేదాన్ని. నాకు మెడ తిరగడం లేదు, నవ్వులు మాత్రం వినపడుతున్నాయి. లొల్ల లాకులు దాటాక ఆ అమ్మాయి, మీరీ మధ్య సన్నబడ్డారండీ, బాగున్నారు, అంది. వదిన సంతోషంగా నవ్వింది.

అప్పుడు తిరిగాను, మోకాలి నొప్పి లెక్క చెయ్యకుండా. నీకేం తెలుసు, నిన్న గాక మొన్న వచ్చావు, ఆమె ఒళ్ళు అంగుళాలతో సహా నాకు తెలుసు అని చెప్పాలి నాకు. అదే చెప్పాను. మాటలు వేరే, చెప్పింది అదే. ఆరోగ్యం గురించి దిగులు కూడా ఉంది, లేదనను. దిగులు పడి అంతకుముందు వారమే ఆమెని పక్కకి పిలిచి చెబితే, ఎండలకి తగ్గేన్లే అని దాటేసింది. నిజంగా దిగులే అయితే మళ్ళీ పక్కకి పిలిచి చెప్పేదాన్ని. ఆటోలో అరిచింది దిగులు కాదు. నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టారన్న ఉక్రోషం. నన్ను ఎవరూ పక్కన పెట్టక ముందే పెట్టేశారనుకున్నాను. ఆ అనుకోవడంతోనే, నిజంగా పక్కన పెట్టాల్సినంత పని చేశాను.

నా తప్పు నేను ఒప్పుకున్నాను కదా అని మిగతావాళ్ళని వదిలిపెట్టేస్తానని అనుకోకండి. నేను అన్న మాట ఆటోలో పుట్టి ఆటోలో చావాల్సింది. దాన్ని సముద్రం దాటించింది చెయ్యి ఊపినావిడ. ఆవిడ సీటు ఆవిడకి ఉంది. ఏడు వారాలూ దర్జాగా కూర్చుని వెళ్ళింది. మాట అన్నదానికి చోటు లేదు, మోసినదానికి ఉంది. ఇదేం న్యాయమని ఎవర్ని అడగాలి? అడిగితే కుర్చీ వేసి కాఫీ ఇస్తారు. మిగతా నలుగురికీ అసలు సంగతి తెలుసో తెలియదో నాకు ఇప్పటికీ తెలియదు. తెలియకుండానే నన్ను వదిలేసి ఉంటే అది ఇంకా ఘోరం. వదినకి నా మీద కోపం వచ్చింది, అందులో అర్థముంది. ఏ కోపమూ లేకుండా, అందరూ వదిలేశారు కనుక మనమూ వదిలేద్దాం అనుకునేవాళ్ళని ఏమనాలి?

వైశాఖంలో మా వీధిలోనే ఒక గృహప్రవేశం అయింది. వదిన కొత్త జాకెట్టు వేసుకుని వచ్చింది, పట్నంలో పెద్ద షాపులో కుట్టించింది. నాకు రెండు వరసల ముందు కూర్చుంది. చంక దగ్గర పట్టేసి ఉంది, వీపు మీద అడ్డంగా ముడత. చెయ్యెత్తి అక్షింతలు వెయ్యడానికి ఇబ్బంది పడుతోంది. ఆ షాపువాడి చేతులు విరగ్గొట్టాలనిపించింది. నా పక్కన ఒకావిడ, ఆ జాకెట్టు మీరు కుట్టిందేనా అండీ అని అడిగింది. ఏమోనండి, చూడలేదు అన్నాను. ఏడడుగుల దూరంలో ఉంది, గంటసేపు దాన్నే చూశాను. నా నోరు కట్టేసుకుని కూర్చోవడం నాకు చేతనవుతుందని ఆ రోజే తెలిసింది. రెండు నెలలు ముందు తెలిసి ఉండాల్సింది.

తొలకరి పడ్డాక ఒక మధ్యాహ్నం, వీధంతా అన్నాలు తిని నడుం వాల్చిన వేళ, వదిన వచ్చింది. గొడుగు గుమ్మం బయట పెట్టి లోపలికి వచ్చింది. చేతి సంచిలో ఆ పట్టేసిన జాకెట్టూ, వంగపండు రంగుదీ రెండూ ఉన్నాయి. రెండూ నా బల్ల మీద పెట్టింది. నేను కుర్చీ తుడవలేదు. ఆమె కూర్చోనూ లేదు.

"ఈ పాతది ఇంక సరిపోదు. కొలత మళ్ళీ తియ్యి. ముందా తలుపెయ్యి."

తలుపు వేసి గొళ్ళెం పెట్టాను. టేపు తీసుకున్నాను. ఆమె ఎప్పట్లాగే చేతులు కొంచెం ఎత్తి, గోడ మీద క్యాలెండరు వైపు చూస్తూ నిలబడింది. భుజం చూశాను, చంక చూశాను, చివరికి ఛాతీ చుట్టూ టేపు తిప్పి అంకె చూశాను. మళ్ళీ చూశాను. మామూలుగా అయితే అంకె పైకి అంటాను, అలవాటు. ఆ రోజు నోరు తెరవలేదు. బల్ల మీద సుద్దతో రాశాను. ఆమె వంగి చూసింది. చూశాక నేను అరచేత్తో చెరిపేశాను.

పెరిగిందా అని అడిగింది. ఆయ్ అన్నాను. మందులు పని చేస్తన్నాయన్నమాట అంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు అప్పటికే ధారగా కారుతున్నాయి. టేపు ఆమె ఒంటి మీదే వదిలేసి కొంగుతో తుడుచుకున్నాను. శనివారాల సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ అడగలేదు. క్షమించానని ఆమె అనలేదు, అనమని నేనూ అనలేదు. గుమ్మం దాటుతూ, వంగపండు రంగుది ఆ కొలతకే విప్పి కుట్టి నీ దగ్గరే ఉంచు అని మాత్రం అంది.

సాయంత్రం చెయ్యి ఊపినావిడ వచ్చింది, ఫాల్స్ వెయ్యడానికి ఇచ్చిన చీర కోసం. బల్ల మీద వంగపండు రంగు జాకెట్టు విప్పి ఉంది. ఆవిడ దాన్ని గుర్తుపట్టింది. కుర్చీ లాక్కుని కూర్చుని, మీ వదినగారు వచ్చేరాండీ, ఎలా ఉన్నారు పాపం, ఇంకా తగ్గేరా, కాస్త ఒళ్ళు చేసేరా, ఎంతొచ్చిందేంటి కొలత అని నెమ్మదిగా, ఎంతో ప్రేమగా అడిగింది. మీ చీర అయిపోయిందండీ, వాన వచ్చేలా ఉంది, తీసుకెళ్ళండి అన్నాను. కొలత ఎంతో ఆవిడకి చెప్పలేదు. ఇక్కడా రాయను.